పెరట్లో చుక్కల పిట్ట

మామిడి పిందెలు దిగే రోజుల్లో పెరట్లో బొప్పాయి చెట్టు మీద ఒక పిట్ట వాలుతుంది. గోధుమరంగు ఒళ్లు, దాని నిండా తెల్లచుక్కలు, తోకకు అడ్డచారలు, ఎర్రటి కళ్లు. ఇంటిల్లిపాదీ చూస్తారు గానీ పేరు ఎవరికీ తట్టదు. డేగపిల్లేమోనని ఎవరో ఒకరు అంటారు. ఫోను తెచ్చేలోపు అది ఆకుల్లోకి దూరిపోతుంది.

ఫోను కోసం లోపలికి పరుగెత్తకుండా, నిలుచున్న చోటే కదలకుండా చూడటం మేలు. పిట్ట కనబడేది కాసేపే. ఆ కాసేపూ కళ్లు రంగు మీదే పెడితే మోసపోతాం. ఎండలో ఒక రంగు, నీడలో ఇంకో రంగు. ముందు చూడాల్సింది ఎంత పిట్ట అన్నది. పిచ్చుక, గోరింక, కాకి మనకు రోజూ కనిపించేవే కాబట్టి వాటితోనే కొలుచుకోవచ్చు. 1941లో వచ్చిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పాటించిన పద్ధతీ ఇదే. ఆయన్ను పక్షుల దారి పట్టించింది కూడా చిన్నతనంలో పేరు తెలియని ఒక పిచ్చుకే. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేమిటో కనుక్కోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కాడు.

మన పిట్ట కాకంత పొడవే గానీ ఒళ్లు సన్నం, తోక బారెడు. ఇక ముక్కు చూడాలి. మాంసం చీల్చుకు తినే డేగకు పొట్టిగా, మొనదేలి కిందికి వంగిన ముక్కు ఉంటుంది. దీనిది అలాంటిది కాదు, పైగా ఇది తింటున్నది బొప్పాయి పండు. డేగ మాట అక్కడితో సరి. అన్నిటికంటే గట్టి ఆనవాలు దాని నడవడి. నేల మీదికి దిగదు, గుబురు కొమ్మల్లోనే తిరుగుతుంది. కాకులు కనిపిస్తే చాలు, వెంటపడి తరుముతాయి. తరిమినప్పుడు ‘కిక్ కిక్ కిక్’ అని గబగబా అరుస్తూ ఎగిరిపోతుంది.

అది ఆడకోయిల. ఉగాది ముందు నుంచీ గొంతెత్తి కూసే నల్లపిట్ట మగది. కాకి గూట్లో గుడ్డు పెట్టేది ఈ చుక్కలపిట్టే కనుక కాకులకు అంత కోపం. కోయిల పాట వింటూ పెరిగిన మనకు ఆడకోయిల రూపం తెలియకపోవడం నాకు వెలితిగానే తోస్తుంది.

పేరు తెలిశాక తేదీ, వేళ, చెట్టు, అది చేస్తున్న పని ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. మెర్లిన్ లాంటి యాప్ కూత విని పేరు సూచిస్తుంది. ఆ పేరు మన రాతతో సరిపోతేనే నమ్మాలి. రాసుకున్నది ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో చేరిస్తే దేశం లెక్కలోకి ఎక్కుతుంది. సుమారు 30,000 మంది పక్షి ప్రేమికులు ఇలా నమోదు చేసిన వివరాల మీదే 2023 నాటి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతుల పరిస్థితిని అంచనా వేసింది. కోయిలలు బాగానే ఉన్నాయని తేలింది. దసరానాడు మనం వెతుక్కుని మరీ చూసే పాలపిట్టలు మాత్రం 30 శాతానికి పైగా తగ్గిపోయాయి. పెరట్లో పాలపిట్ట వాలితే ఆ రోజు తప్పక రాయండి. కనిపించడం మానేస్తే అదీ రాయండి.

ఎండాకాలం చివర్లో కాకి వెంట నోరు తెరుచుకుని తిరిగే పిల్లల్ని కూడా గమనించండి. ఒళ్లు సన్నగా, తోక పొడుగ్గా ఉంటే అది కాకిపిల్ల కాదు.