గుచ్చుకున్న చెయ్యి ఎవరి లెక్కలో?

రోగానికి కులం లేదంటారు. సరే, కానీ రోగుల్ని లెక్కగట్టే రిజిస్టరుకు ఉంది. అది హోదా చూస్తుంది, జీతాల పట్టీ చూస్తుంది, వాటి వెనకున్న కులాన్ని మాత్రం చూడనట్టు నటిస్తుంది.

2020 ఏప్రిల్‌లో అనంతపురం ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్లకూ నర్సులకూ కరోనా సోకింది. అది వార్త అయింది, కావాల్సిందే. అవే వార్డులు ఊడ్చినవాళ్ళ సంగతేమిటన్నదే మా ప్రశ్న. రాప్తాడు నుంచి అనంతపురం ఎంతో దూరం లేదు. వానల్లేక వేరుశెనగ ఎండిపోతే, సెంటు భూమి లేని మాల, మాదిగ ఆడవాళ్ళు కూలి కోసం టౌనుకే పోవాల. అక్కడ దొరికే పనుల్లో ఆసుపత్రి ఊడ్చే పని ఒకటి. జీతమిచ్చేది కాంట్రాక్టు ఏజెన్సీ. ఆసుపత్రి పట్టీలో పేరు లేని మనిషికి జబ్బు చేస్తే అది 'సిబ్బంది జబ్బు' ఎట్లా అవుతుంది?

లెక్క పైనుంచే లోపం. ఆరోగ్యం రాష్ట్రాల విషయమనీ, చనిపోయిన ఆరోగ్య సిబ్బంది వివరాలు తన దగ్గర లేవనీ 2020 సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అప్పుడు డాక్టర్ల సంఘం ఐఎంఏ తనవాళ్ళు 382 మంది పోయారని జాబితా బయటపెట్టింది. సంఘం ఉన్నవాళ్ళకు జాబితా ఉంది. చీపురు పట్టినవాళ్ళకు జాబితా ఎవరు రాస్తారు?

కరోనా పోయినా సూది పోలేదు. డాక్టరుకో నర్సుకో సూది గుచ్చుకుంటే అది ఏ రోగిదో తెలుస్తుంది. చెత్తసంచి ఎత్తేటప్పుడు గుచ్చుకున్న సూది ఎవరిదో ఆమెకేం తెలుసు? అది హెపటైటిస్-బి ఉన్న రోగి సూదైతే, టీకా పడనివాళ్ళకు ఆ జబ్బు సోకే ప్రమాదం నూటికి 30 దాకా ఉంటుంది. హెచ్‌ఐవీ మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాల. ఆలోగా ఆమె ఎవరికి చెప్పుకోవాల, మేస్త్రీకా?

2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఈ చెత్త ముట్టుకునే వాళ్ళందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయాలన్నాయి. పనిలో చేరేటప్పుడూ, ఆ తర్వాత ఏడాదికొక్కసారైనా పరీక్షలు చేయాలన్నాయి. అంటే చట్టం ఆమెను గుర్తించింది. గుర్తించనిది పట్టీ.

అందుకే మేమడిగేది జాలి కాదు, సన్మానాలూ శాలువాలూ కాదు. సూది గుచ్చుకున్న ప్రతి చేతికీ రిజిస్టరులో ఒక వరస కావాల. జీతం ఎవరిస్తున్నారో, కులమేదో కూడా ఆ వరసలో ఉండాల. ఎవరు ఎక్కువ జబ్బుపడుతున్నారో అప్పుడుగానీ బయటపడదు. లెక్కలో లేని మనిషికి హక్కు ఎక్కడినుంచి వస్తుంది?