ఏ ముక్క పారేయాలి?

రమ్మీ తెలివితో ఆడే ఆటా, అదృష్టంతో ఆడే ఆటా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది మన సికింద్రాబాదు నుంచే. 1963 మే నెలలో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టు వదలకుండా ఢిల్లీ వెళ్లింది. తీర్పు 1967 చివర్లో వచ్చింది. మూడుముక్కలాట వేరు, రమ్మీ వేరు అన్నారు న్యాయమూర్తులు. పంపకంలో అదృష్టం ఉంటుంది, అది బ్రిడ్జిలోనూ ఉంటుంది. కానీ రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, అందుకే ఇది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తేల్చారు.

పేకాట అంటే మొహం చిట్లించే ఇళ్లలో కూడా పెళ్లి విడిదిలో భోజనాలయ్యాక దుప్పటి పరుచుకుంటుంది. అక్కడ కూర్చునే కొత్తవాళ్లు చేసే పని ఒకటుంది: మంచి ముక్క ఎప్పుడు పడుతుందా అని కట్ట వంకే చూస్తుంటారు. ఎత్తే ముక్క ఎవరి చేతిలోనూ లేదు. న్యాయమూర్తులు చూపించిన నేర్పు మూడు చోట్లే ఉంది, జ్ఞాపకంలో, దాచుకోవడంలో, పారేయడంలో. అందులో మొదటి రెండూ చివరికి మూడోదానికే ఉపయోగపడతాయి.

నియమాలు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రెండు కట్టలు కలిపి మనిషికి పదమూడు ముక్కలు పంచుతారు. ఒక ముక్క తిప్పి జోకర్ అంటారు, ఆ అంకె ఉన్నవన్నీ జోకర్లే. ప్రతివాడూ ఒక ముక్క ఎత్తి ఒకటి పారేస్తాడు. పదమూడూ వరసలుగా (ఒకే రంగులో వరస అంకెలు), జట్లుగా (ఒకే అంకె, వేర్వేరు రంగులు) కలిస్తే ఆట. కనీసం రెండు వరసలుండాలి. అందులో ఒకటి జోకర్ సాయం లేకుండా కుదరాలి, దాన్నే లైఫ్ అంటారు. లైఫ్ లేకుండా ఎన్ని జోకర్లు చేతిలో ఉన్నా ఇంకొకడు ఆట చూపిస్తే మొత్తం లెక్క మీద పడుతుంది. ఆసు, రాజు, రాణి, జాకీ తలా పది, మిగతావి వాటి అంకె. ఎంత చెత్త చెయ్యి అయినా 80 దాటి రాయరు.

పంచిన వెంటనే తేల్చుకోవలసింది ఆడాలా మానాలా అన్నది. మొదటి ముక్క ఎత్తకముందే చెయ్యి పడేస్తే స్కూట్. లెక్క 101 చేరినవాడు లేచిపోయే 101 ఆటలో దానికి 20 రాస్తారు. మధ్యలో లేస్తే 40. కొత్తవాళ్లకు స్కూట్ కొట్టడం నామోషీ. ఇంత దూరం వచ్చి ఆడకుండా కూర్చోవడమా అనుకుంటారు. ధర్మరాజు కూర్చున్న జూదంలో స్కూట్ అనే సౌకర్యం లేదు, మనకుంది. ఇరవైతో పోయేదాన్ని ఎనభై దాకా లాక్కోవడం ధైర్యం కాదు, లెక్క రాకపోవడం. అలాగని ప్రతి చెయ్యీ పడేసేవాడు కూడా నిలవడు. 101 ఆటలో ఐదు స్కూట్లకు 100 అవుతుంది, ఆరోదానికి లేచి వెళ్లిపోవాలి. మొదటి రెండు మూడు పంపకాల్లో గెలవాలన్న తొందర కంటే బల్ల దగ్గర మిగిలి ఉండటమే ముఖ్యం.

ఒక చెయ్యి తీసుకుందాం. తిప్పిన జోకర్ ఆఠీను నాలుగు. మనకు పడ్డవి: ఆఠీను 7, 8, 3, ఇస్పేటు 7, ఆసు, 2, డైమన్ 5, 6, జాకీ, రాజు, కళావరు 9, రాణి, 4. కళావరు నాలుగు జోకరే. లెక్క కడితే 87, అంటే ఓడితే నిండా 80. లైఫ్ లేదు. చూడగానే పడేయాలనిపిస్తుంది. కానీ ఆఠీను 7, 8 పక్కన ఇస్పేటు 7 ఉంది చూడండి. ఆఠీను 6 గానీ 9 గానీ వస్తే లైఫ్. డైమన్ 7 గానీ కళావరు 7 గానీ వస్తే మూడు ఏడుల జట్టు. రెండు కట్టలు కాబట్టి ఒక్కోటి రెండేసి, మొత్తం ఎనిమిది ముక్కల్లో ఏది వచ్చినా కలుస్తుంది. డైమన్ 5, 6 పక్కన 4 గానీ 7 గానీ కావాలి, అవి నాలుగు. ఇస్పేటు ఆసు, రెండు ఉన్నాయి గానీ వాటికి మూడు తప్ప ఇంకేదీ పనికిరాదు, అంటే రెండే ముక్కలు. జాకీ, రాజుల మధ్య రాణి పడాలి, అదీ రెండే. ఎనిమిది, నాలుగు, రెండు, రెండు. చేతిలో కూడిక మొత్తం ఇంతే. ఇది తెలిసినవాడు కళావరు రాణిని మొదటి చుట్టులోనే వదిలేస్తాడు, జాకీ, రాజుల కోసం మహా అయితే ఇంకో చుట్టు ఆగుతాడు. తెలియనివాడు బొమ్మ ముక్కలు ముచ్చటగా ఉన్నాయని పక్కపక్కన పేర్చుకుంటాడు. "ఏరా, ఆ డైమన్ రాజుకేమన్నా కట్నం ఇస్తానన్నారా?" అని వెనక నుంచి ఏ పెదనాన్నో అడిగేది అప్పుడే.

ఈ చెయ్యి ఇద్దరు ముగ్గురు కూర్చున్న చోట నేను ఆడతాను. ఆరుగురుంటే పడేస్తాను. అప్పటికే 78 ముక్కలు చేతుల్లోకి వెళ్లిపోయి ఉంటాయి, మనకు కావలసిన ఎనిమిదిలో చాలావరకు ఎవరి దగ్గరో చిక్కుకుని ఉంటాయి. పైగా మన వంతు వచ్చేలోపు ఇంకో ఐదుగురు ముక్కలు ఎత్తుతారు.

ఇక పారేయడం. మనం పారేసిన ముక్కను ఎత్తగలిగేది మన తర్వాత ఆడేవాడొక్కడే. బల్ల చుట్టూ అందరి మొహాలూ చూడక్కర్లేదు, అతని ఒక్కడి చేతులు చూస్తే చాలు. అతను పైకి పడ్డ ఆఠీను 9 ఎత్తుకున్నాడనుకోండి. ఆఠీను 7, 8, 10, జాకీ, మిగతా రంగుల తొమ్మిదులు అతనికి వేయకూడదు. అతను ఇస్పేటు 10 పారేస్తే ఇస్పేటు 9, జాకీ అతనికి పెద్దగా అక్కర్లేనివని ఊహించవచ్చు. ఊహ మాత్రమే. చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడే ఎర వేస్తారు. ఇస్పేటు 7, 8 దాచుకుని ఆఠీను 9 పారేస్తారు. తొమ్మిదులతో ఇతనికి పని లేదనుకుని మనం ఇస్పేటు 9 వేస్తాం. వెంటనే ఎత్తేసుకుంటారు. అందుకే ఆట మొదట్లో పడ్డ ముక్కను నమ్మవచ్చు గానీ నడిమధ్యలో పడ్డ ముక్కను నమ్మకూడదంటారు. మొదట పడేది చెత్త, మధ్యలో పడేది ఆలోచించి వేసింది.

మన సంగతి ఎదుటివాడికి చెప్పకుండా ఉండటం ఇందులో రెండో సగం. పైకి పడ్డ ముక్క ఎత్తడమంటే చేతిలో మూడోవంతు తెరిచి చూపించడమే. లైఫ్ కుదిరేట్టుంటే ఎత్తాలి, సందేహం లేదు. మూడో రాణి దొరికిందని ఎత్తితే మాత్రం నాలుగో రాణి ఆ రోజుకి బల్ల మీదికి రాదు.

జోకర్ పక్క ముక్కల సంగతి చాలామందికి తోచదు. తిప్పిన జోకర్ 7 అయితే ఏడుల్ని ఎవరూ మామూలు ముక్కలుగా వాడరు, ఇంకెక్కడో అతికించుకుంటారు. కాబట్టి 6, 8లకు ఒక వైపు దారి దాదాపు మూసుకుపోయినట్టే. అవి ఎవరికీ అంతగా అక్కర్లేదు, పారేయడానికి పనికొస్తాయి. దాచుకోవడానికీ పనికిరావు, ఆ సంగతి మరిచిపోయి 5, 6 పట్టుకుని కూర్చునేవాళ్లున్నారు.

ఫోన్లో ఆడే రమ్మీలో ఈ నేర్పులు కొన్ని పోయాయి. ముక్కల్ని అదే పేర్చిపెడుతుంది. చాలా యాప్‌లలో ఒక మీట నొక్కితే ఎవరు ఏం పారేశారో జాబితా వచ్చేస్తుంది. కోర్టు మెచ్చుకున్న జ్ఞాపకశక్తిని యంత్రానికి అప్పగించి, ఆలోచించుకునే సమయాన్ని సెకన్ల లెక్కన కోసేశారు. దాని వెనక పోయిన డబ్బు, విరిగిన సంసారాలు తెలుగు పత్రికల్లో కొన్నేళ్లుగా చదువుతూనే ఉన్నాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పా అదృష్టమా అన్న తేడాయే చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కాదంది. ఇల్లు గుల్లయినవాళ్లను చూశాక ఆ కఠినత్వం మీద నాకు ఫిర్యాదు లేదు. అసలు పాత సికింద్రాబాదు తీర్పు కూడా రమ్మీకి పూర్తిగా తలుపులు తెరవలేదు, పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటే నేరమే కావచ్చని అప్పుడే చెప్పింది.

డబ్బు తీసేస్తే ఆటలో ఏం మిగులుతుందని అడిగేవాళ్లకు నా జవాబు, పైన చెప్పిందంతా మిగులుతుంది. నోటుపుస్తకంలో గీతలు గీసి పేర్లు రాసుకుని 101 ఆడితే స్కూట్ విలువ ఒక్క పైసా తగ్గదు. పిల్లలకు నేర్పేటప్పుడు మొదటి కొన్ని పంపకాలు ముక్కలు అందరికీ కనిపించేలా పరిచి ఆడించండి. తర్వాత మామూలుగా ఆడించినా, ఒకరు ఆట చూపించగానే ముక్కలు కలిపేయొద్దు. ఎవరి చెయ్యి వాళ్లు తెరిచి పెట్టి, మనం పారేసినవాటిలో ఏది ఎవరి వరసలో కూర్చుందో చూడమనండి. ప్రాణంలా దాచుకున్న ఇస్పేటు 9 ఆ బల్ల మీద ఎవరికీ అక్కర్లేనిదని అప్పుడు తెలుస్తుంది.