తంగేడు చెక్క, టెక్సాస్ బూటు

కౌబాయ్ బూటుకు లేసులు ఉండవు. గుర్రం మీంచి పడ్డవాడి కాలు రికాబులో ఇరుక్కుంటే బూటు అక్కడే ఉండిపోయి పాదం బయటికి జారిపోవాలి. లేకపోతే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. మడమ ఎత్తుగా ఉండేది రికాబులోంచి పాదం ముందుకు దూసుకుపోకుండా. పిక్కల దాకా తోలు ఉండేది ముళ్లపొదల కోసం. టెక్సాస్ పశువుల కాపరుల కోసం పుట్టిన ఈ బూట్లు ఇప్పుడు కొండాపూర్, నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్లలో చెప్పుల స్టాండ్ల మీద కనిపిస్తున్నాయి. డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉద్యోగాలు చేసి తిరిగొచ్చినవాళ్లు తెచ్చుకున్నవి.

వాటి అడుగు ఊడితే నాకు తెలిసిన చెయ్యి ఒకటే ఉండేది. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కి కాస్త అవతల వేపచెట్టు కింద పట్టా పరుచుకుని కూర్చునే పెద్దయ్య. జనగామ వైపు పల్లె ఆయనది. నిరుడు చలికాలంలో పోయాడు.

మా బావమరిది బూట్ల జత తీసుకెళ్లినప్పుడు ఆయన ముందు అరిగిన మడమ వైపు చూడనేలేదు. బూటు తిరగేసి, పాదం వంపు దగ్గర బొటనవేలితో తడిమాడు. వరసగా సన్నటి కొయ్య మేకులు. “జూడు సారూ, ఇనుపది గొడితే తుప్పు వడ్తది, తోలును తింటది. కట్టెదయితే తోలు నానితే నానుతది, ఎండితే ఎండుతది. చేసినోనికి పని తెల్సు” అన్నాడు. ఎప్పుడూ చూడని దేశంలో ఎవరో చేసిన పనిని ఆయన వేలు అంత తొందరగా గుర్తుపట్టింది.

ఆస్టిన్‌లో చార్లీ డన్ అనే బూట్ల పనివాడు ఉండేవాడు. క్యాపిటల్ శాడ్లరీ దుకాణంలో ఏళ్ల తరబడి కొలతకు బూట్లు కుట్టాడు. ఈ పనిలో ఎడమ పాదం కొలత ఎడమదే, కుడి పాదానిది కుడిదే. ఏ మనిషికీ రెండూ సమానంగా ఉండవు. చెక్కతో చేసిన పాదం మీద, ఆ మనిషికి ఎముక ఎక్కడ ఉబ్బిందో చూసి అక్కడ తోలుముక్కలు అంటించి, దాని చుట్టూ బూటు బిగిస్తారు. 1972లో జెర్రీ జెఫ్ వాకర్ అనే గాయకుడు చార్లీ పేరుతోనే పాట కట్టి పాడాడు. 1993లో చార్లీ పోయాక కూడా ఆయన దగ్గర నేర్చుకున్న లీ మిల్లర్ చేతుల్లో పని నిలిచింది.

పెద్దయ్య కుర్రతనంలో ఊళ్లో మనిషిని తోలు మీద నిలబెట్టి బొగ్గుతో పాదం చుట్టూ గీత గీసేవాడట. రెండు పాదాలకూ వేరువేరుగా. ఆ తోలు కూడా ఇంట్లో తయారైందే. పచ్చితోలును సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, సంచిలా కుట్టి కొయ్యకు వేలాడదీసేవాళ్లు. అందులో తంగేడు చెక్క దంచి పోసిన నీళ్లు నింపితే, చుక్కచుక్కగా కారుతూ తోలు పదునుకొచ్చేది. కారిన నీళ్లను పట్టి మళ్లీ పైన పోయాలి. ఇట్లా రోజులకు రోజులు. క్రోమియంతో చేసే ఫ్యాక్టరీ పద్ధతిలో ఈ పదును పెట్టడం ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, దాని పూలను బతుకమ్మలో పేరుస్తాం. దాని చెక్కతో, తోలు నానేసే లందెల దగ్గర చేతులు నల్లబడ్డ మనుషులను మాత్రం ఊరు తన వాకిట్లోకి రానివ్వలేదు.

ఇక్కడే చార్లీ కథకూ మన కథకూ పోలిక తెగిపోతుంది. తోలు పని చేసే మాదిగ కుటుంబం దొరకు చెప్పులు ఉత్తపుణ్యానికి కుట్టివ్వాల్సి వచ్చేది. అది వెట్టి. రైతులకు మోట తొండాలు, పగ్గాలు చేసిస్తే పంట కళ్లంలో మేర కొలిచేవాళ్లు. కరెంటు మోటారు వచ్చి మోట పోయింది, ట్రాక్టరు వచ్చి పగ్గాలు పోయాయి, ప్లాస్టిక్ చెప్పు వచ్చి మిగిలిందీ పోయింది. పోయిన పని గురించి బాధపడేవాళ్లు ఆ పని వెనకున్న అవమానాన్ని ముందు లెక్కలోకి తీసుకోవాలి. “నా కొడుకు ఆరె పట్టొద్దని నేనే ఒట్టు వెట్టిచ్చుకున్న” అని పెద్దయ్య చెప్పాడు. ఆరె అంటే తోలు కుట్టే పనిముట్టు. ఆ కొడుకు డిప్లొమా చదివి, ఎదుట కనిపించే అద్దాల మేడల్లో ఒకదానిలో ఏసీ ప్లాంటు చూస్తాడు. ఆ ఒట్టు న్యాయమైనదే. ఇంకో మాట అనే హక్కు మనలో ఎవరికీ లేదు.

అయితే పెద్దయ్య వేలికి తెలిసిన విద్య ఆ కులానికి వేసిన శిక్షతో పాటే పోనక్కర్లేదని నా గట్టి నమ్మకం. రాయదుర్గంలోనే, తోలు పరిశ్రమల సంస్థ లిడ్‌క్యాప్ ఆవరణలో, ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 2017లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. అన్ని కులాల పిల్లలూ ప్రవేశ పరీక్ష రాసి బూటు డిజైను చదువుకుంటున్నారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు పనికి సన్మానం చేయడం మనకు చేతకానిదేం కాదు.

ఆరె, తోలు కోసే రంపె పట్టి పొట్ట పోసుకున్న పెద్దలు జిల్లాల్లో ఇంకా ఉన్నారు, వయసు మీద పడుతోంది. వాళ్లను రాయదుర్గంలోని ఆ సంస్థ తరగతి గదుల్లోకి గురువులుగా పిలవాలి, ప్రొఫెసరుకిచ్చే గౌరవ వేతనమే ఇవ్వాలి. వాళ్ల ముందు నేల మీద కూర్చుని తంగేడు చెక్క దంచే పిల్లల్లో ఎవరి కులం ఏదైనా కావచ్చు.