శమంతకమణి ఎవరి చేతిలో?

“ఫలానా రాయి ఉంగరం పెట్టుకుంటే మీవారు మీ చెప్పుచేతల్లో ఉంటారు” అంటే ఓ చెవి అటు వేయని ఇల్లాలు అరుదు. అలాంటివారు శమంతకమణి కథ ఓసారి తీరిగ్గా చదవాలి. వినాయకచవితినాడు అక్షింతలు పట్టుకుని వినేది కాదు సుమండీ, అందులో తప్పంతా పాపం చంద్రుడి మీదికి పోతుంది! జనగామ జిల్లా బమ్మెర తమవాడని చెప్పుకునే పోతన భాగవతంలో, దశమస్కంధంలో ఉన్నది.

రోజుకు 8 బారువుల బంగారం ఇచ్చే మణి. అది తన చేతిలో ఉందనుకున్నాడు సత్రాజిత్తు. నిజానికి అతడే దాని చేతిలో ఉన్నాడు. దాన్ని మెడలో వేసుకున్న తమ్ముణ్ణి సింహం చంపింది. సింహాన్ని జాంబవంతుడు చంపాడు. కృష్ణుడంతటివాడు దొంగ అనిపించుకుని, గుహలో 28 రోజులు పోరాడాడు. చివరికి బలరాముడికి కూడా సొంత తమ్ముడి మీద అనుమానమే! ఈ పరుగంతా చదివించే కథే, కాదనను.

నాకు గుచ్చుకునేది వేరే ఉంది. జాంబవంతుడు మణితోపాటు కూతుర్నీ ఇచ్చేశాడు. వేసిన నిందకు పరిహారంగా సత్రాజిత్తు సత్యభామను ఇచ్చాడు. కృష్ణుడు మణి వద్దన్నాడు, బాగానే ఉంది. కాని ఆ మణి కోసమే శతధన్వుడు నిద్రపోతున్న సత్రాజిత్తును చంపాడు. తండ్రి శవాన్ని నూనెతొట్టెలో ఉంచి, కబురు చెప్పడానికి హస్తినకు వెళ్లింది సత్యభామే. ఇంత జరిగినా, “అమ్మాయ్, నీ మాటేమిటి?” అని ఆ ఇద్దర్నీ అడిగినవారు లేరు. ఎన్నో ఘట్టాలు దాటాక, గ్రహణస్నానానికి అందరూ కురుక్షేత్రం చేరినప్పుడు, ద్రౌపది అడిగితేగాని తమ పెళ్లి సంగతి వాళ్ల నోట రాదు.