చౌకులో మరణం, దారిన పోయేవారు: సవొనరోలా శిక్షా చిత్రంపై ఒక వేదాంత విమర్శ

పరిచయం

శుభ శుక్రవారం నాడు కామారెడ్డి, ఎల్లారెడ్డి సంఘాలలో సిలువను ధ్యానిస్తాము. సిలువలో మన పాపక్షమాపణను ప్రకటిస్తాము, అది యుక్తమే. అయితే సిలువ ఒక బహిరంగ మరణశిక్ష అనే సంగతి, మత పెద్దలు, ప్రభుత్వం కలిసి జనం కళ్లెదుట అమలుపరచిన శిక్ష అనే సంగతి మన ప్రసంగాలలో మరుగున పడుతున్నది. దీనిని ఆలోచింపజేసే చిత్రమొకటి ఇటలీ దేశంలోని ఫ్లోరెన్సు నగరంలో, సాన్ మార్కో మ్యూజియంలో ఉన్నది. దాని చిత్రకారుడెవరో నిశ్చయంగా తెలియదు.

చారిత్రక నేపథ్యం

గిరోలామో సవొనరోలా డొమినికన్ సన్యాసి, సాన్ మార్కో మఠాధిపతి. సంఘంలోని అవినీతిని, పాలకుల విలాసాలను ఖండిస్తూ ప్రసంగించాడు. ఆరవ అలెగ్జాండరు పోపు 1497లో అతనిని సంఘం నుండి బహిష్కరించాడు. 1498 మే 23న, సహచరులైన డొమెనికో, సిల్వెస్ట్రోలతో పాటు అతనిని సిన్యోరియా చౌకులో ఉరితీసి, దేహాలను కాల్చి, బూడిదను ఆర్నో నదిలో కలిపారు.

చిత్ర పరిశీలన

చిత్రంలో కుడివైపున నగర పాలకుల భవనం, ఎడమవైపు దూరాన ప్రధాన దేవాలయపు గోపురం కనిపిస్తాయి. భవనం ముందు న్యాయపీఠం. అక్కడి నుండి చౌకులోనికి పొడవైన చెక్క వంతెన. దాని చివర ఉరికొయ్య, క్రింద మంట. ఆ ముగ్గురు సన్యాసులు ఒకే చిత్రంలో పలుమార్లు కనిపిస్తారు: పీఠం ఎదుట మోకరించి, వంతెనపై నడుస్తూ, చివరకు ఉరికొయ్యపై వేలాడుతూ.

మన చేర్యాల పటాలలో కూడా ఒకే పాత్ర పదే పదే వస్తుంది. కాని అక్కడ ఘట్టానికి ఘట్టానికి మధ్య గీత ఉంటుంది, కథకుడు ఆగుతాడు. ఇక్కడ గీత లేదు. తీర్పు, నడక, అగ్ని ఒకే వెలుగులో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. "ఆగండి" అని చెప్పడానికి ఎవరికీ సందు లేదు.

ఇంకొక సంగతి. చరిత్రకారులు ఆ దినాన గొప్ప జనసమూహం కూడిందని చెబుతారు. చిత్రంలో మాత్రం చౌకు చాలా భాగం ఖాళీగా ఉన్నది. అక్కడక్కడ ఇద్దరు ముగ్గురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. గుర్రాలపై కొందరు సాగుతున్నారు. కొందరు మంటకు కట్టెల మోపులు మోస్తున్నారు. మార్కు 15:21లో కురేనీయుడైన సీమోను కూడా దారిన పోతూ కొయ్య మోసినవాడే. అయితే అతడు శిక్షింపబడినవాని భారం మోశాడు. వీరు శిక్షించేవారి అగ్నికి కట్టెలు మోస్తున్నారు. ఈ వ్యత్యాసమే చిత్రంలోని అసలు ప్రసంగమని నా అభిప్రాయం.

విమర్శ

ఈ చిత్రానికి పరిమితులు లేకపోలేదు. మొదటిది, దాని శుభ్రత. అంతా కొలిచి గీసినట్లున్న క్రమం వల్ల అన్యాయం కూడా న్యాయపరిపాలనగా కనిపించే ప్రమాదమున్నది. ఔషధ వ్యాపారి లూకా లాందూచ్చి తన దినచర్యలో వ్రాసిన దానిని బట్టి, ఉరికొయ్య సిలువను పోలియున్నదని జనం గుసగుసలాడగా అధికారులు దాని అడ్డకొయ్యను కొంత కోయించారు. పాలకులకు ఆ పోలిక భయం కలిగించింది. కోసినా ఆ పోలిక పోలేదని చిత్రమే సాక్ష్యమిస్తున్నది.

రెండవది, చిత్రం వెనుకటి సంగతి చెప్పదు. 1497 ఫిబ్రవరి 7న ఇదే చౌకులో సవొనరోలా అనుచరులు అద్దాలు, అలంకారాలు, పుస్తకాలు, చిత్రాలు పోగుచేసి కాల్చారు. లూథరు 1523లో సవొనరోలా చెరసాల ధ్యానాన్ని ప్రచురించి అతనిని గౌరవించాడు. మనమూ గౌరవించవచ్చు, కాని కాల్చడం నేర్పిన చౌకు, నేర్పినవానినీ కాల్చిందని మరువరాదు.

మన సందర్భం

కామారెడ్డి నుండి ఉత్తరంగా గోదావరి దాటితే నిర్మల్. రాంజీ గోండును, అతని అనుచరులను అక్కడ మర్రిచెట్టుకు ఉరితీశారని ప్రజలు చెప్పుకుంటారు. కొయ్యబొమ్మలకు, చిత్రాలకు పేరుగాంచిన ఆ ఊరిలో ఆ మరణాలను ప్రజల జ్ఞాపకంలో నిలిపినది "వెయ్యి ఉరుల మర్రి" అనే పేరు. ఫ్లోరెన్సుకు చిత్రమున్నది, మనకు చెట్టు పేరున్నది. ప్రసంగ వేదికలపై ఆ పేరు ఎన్నిసార్లు వినిపించింది?

సంఘం లోపల కూడా ఈ చౌకు ఉన్నది. ఒక విశ్వాసిని వెలివేసే తీర్మానం ఆరాధనలో చదివినప్పుడు, విచారణ సరిగా జరిగిందా అని అడిగేవారెందరు? చేతులెత్తి సమ్మతించి, తరువాతి కీర్తన సంఖ్య వెదుక్కునేవారెందరు? కట్టెల మోపు ఎప్పుడూ కట్టెల మోపులాగే కనబడదు.

ముగింపు

లూకా 23:48 ప్రకారం సిలువను చూడ వచ్చిన జనం రొమ్ము కొట్టుకొనుచు తిరిగి వెళ్లారు. ఫ్లోరెన్సు చిత్రంలో ఎవరూ రొమ్ము కొట్టుకోరు. సిలువను ప్రకటించే కాపరి సిలువపై ఉన్నవానిని మాత్రమే చూపిస్తే సరిపోదు. చౌకులో నిలబడి మాట్లాడుకుంటున్న మనలను కూడా చూపించాలి. అప్పుడే పశ్చాత్తాపానికి పిలుపు ఎవరికో కాక, వినే సంఘానికే చేరుతుంది.