ఆఖరి వానకోవెల: గిల్బర్ట్ వైట్ ఆకురాలు కాలపు పుటలు

ఒక పిట్ట ఆ ఏడాదికి మొదటిసారి కనబడిందని రాసుకోవడానికి అది కనబడితే చాలు. చివరిసారి కనబడిందని రాయాలంటే, ఆ తరువాత కొన్ని వారాలపాటు అది కనబడకుండా ఉండాలి. వసంతంలో చేసే నమోదుకూ ఆకురాలు కాలంలో చేసే నమోదుకూ మధ్య ఉన్న ఈ తేడా పైకి చిన్నదిగానే తోస్తుంది. కాని దీన్ని దృష్టిలో పెట్టుకొని గిల్బర్ట్ వైట్ (1720–1793) రాసిన ‘నేచురల్ హిస్టరీ అండ్ యాంటిక్విటీస్ ఆఫ్ సెల్బర్న్’ చదివితే, ప్రశాంత గ్రామీణ చిత్రమని ఆ పుస్తకానికి రెండు శతాబ్దాలుగా ఉన్న పేరు ఎంత పాక్షికమో తెలుస్తుంది. అందులోని శరత్కాలపు పుటల్లో ప్రశాంతత తక్కువ. తన కళ్ళనే నమ్ముకొన్న మనిషి ఆ కళ్ళవల్లనే చిక్కులో పడిన కథ అది.

దక్షిణ ఇంగ్లండులోని హాంప్‌షైర్ జిల్లాలో సెల్బర్న్ ఒక చిన్న ఊరు. వైట్ అక్కడే పుట్టి, చర్చి విధులు నిర్వహిస్తూ, తన తోటనూ చుట్టుపక్కల పొలాలనూ గమనిస్తూ అక్కడే మరణించాడు. 1788 చివర వెలువడి, ముఖపత్రం మీద 1789 అని అచ్చైన ఈ పుస్తకం లేఖల రూపంలో ఉంటుంది. అవి మొత్తం 110: థామస్ పెనంట్‌కు 44, డెయిన్స్ బారింగ్టన్‌కు 66. వీటిలో మొదటి కొన్ని అసలు టపాలో వేసినవి కావు, పుస్తకం కోసం తరువాత కూర్చినవి. లేఖల వెనుక మరో రాత ఉంది. బారింగ్టన్ రూపొందించి పంపిన అచ్చు నమూనాలో 1768 నుంచి చనిపోయేదాకా వైట్ రోజూ నింపిన దినచర్య అది. ఉష్ణోగ్రత, గాలి, వాన, పూలు అన్నింటికీ అందులో గళ్ళున్నాయి. పక్షులు, పురుగులు తొలుత కనబడటానికీ కనుమరుగు కావడానికీ ఒక గడి ఉంది. కనుమరుగైన రోజును ఆ రోజే రాయడం ఎవరికీ సాధ్యం కాదు. అచ్చు నమూనా తయారుచేసినవాడు బహుశా ఈ సంగతి ఆలోచించలేదు. నింపవలసినవాడికి ఆలోచించక తప్పలేదు.

వానకోవెలలు, వాటి దగ్గరి బంధువులైన మార్టిన్ పిట్టలు చలికాలంలో ఎక్కడికి పోతాయన్నది పద్ధెనిమిదో శతాబ్దపు పెద్ద వివాదం. పెనంట్ వలస పక్షం వాడు. పిట్టలు సముద్రాలు దాటి వలసపోతాయన్న మాటను బారింగ్టన్ ఒప్పుకోలేదు. అంటే వైట్ లేఖలు అందుకొన్న ఇద్దరూ ఈ ప్రశ్నకు చెరో ఒడ్డున ఉన్నారు. వైట్ సందిగ్ధాన్ని ముసలితనపు చాదస్తంగా కొట్టిపారేసేవారు ఈ సంగతిని పట్టించుకోరు. వలసకు సాక్ష్యం ఇంట్లోనే దొరికింది. జిబ్రాల్టర్‌లో ఉన్న తమ్ముడు జాన్, జలసంధి మీదుగా పిట్టలు దాటిపోవడం గురించి రాసి పంపాడు. వైట్ దాన్ని కాదనలేదు. అయినా సెల్బర్న్‌లో అతను చూసింది వేరు. అక్టోబరులో మాయమైన మార్టిన్లు కొన్ని వారాల తరువాత, నవంబరు తొలిరోజుల్లో, కాస్త వెచ్చటి ఎండ రాగానే మళ్ళీ పొలాల మీద ఆడుతూ కనబడేవి. గూడు విడిచి కొద్దిరోజులైనా కాని పిల్లలు ఆ ఋతువులో భూమధ్యరేఖ దాకా ఎలా ఎగరగలవని అతని ప్రశ్న. దగ్గర్లోనే ఏ పొదలోనో ఏ కన్నంలోనో నిద్రపోతూ ఉండాలి కదా!

జవాబు తప్పు. అయితే నిర్లక్ష్యంగా చూసేవాడికి ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు. పిట్టలు వెళ్ళిపోయాయని సెప్టెంబరులోనే నిర్ణయించుకొన్నవాడు నవంబరులో తలెత్తి చూడడు. వైట్ పొరపాటు అతి జాగ్రత్తలోంచి వచ్చింది.

1781 ఏప్రిల్‌లో అతను చేయించిన వెతుకులాట ఈ పుస్తకంలో అన్నింటికన్నా నవ్వు తెప్పించే ఘట్టం, అన్నింటికన్నా నిజాయితీ ఉన్న ఘట్టం కూడా. ఊరి వెనుక ఏటవాలు మీద ‘హ్యాంగర్’ అని పిలిచే బీచ్ చెట్ల అడవి ఉంది. ఆ వాలులో పొదలూ కన్నాలూ తవ్వి, నిద్రపోతున్న మార్టిన్లను వెతకమని కూలీలను పెట్టాడు. ఒక్కటీ దొరకలేదు. వాళ్ళు తవ్వుతూ ఉండగానే, ఆ ఏటి మొదటి మార్టిన్ నలుగురూ చూస్తుండగా ఊళ్ళోకి ఎగిరివచ్చి, నేరుగా ఒక గూట్లో దూరి, కాసేపటికి బయటికి వచ్చి వెళ్ళిపోయింది. తన ఊహకు అక్కరకు రాని ఈ సంగతిని వైట్ దాచుకోలేదు.

ఆ వెతుకులాటకు సుమారు ఏడాది ముందు, 1780 మార్చిలో, మేనత్త చనిపోతే ఆమె పెంచిన తిమోతీ అనే తాబేలును వైట్ ససెక్స్ నుంచి తన తోటకు తెచ్చుకొన్నాడు. నవంబరులో మట్టి తవ్వుకొని లోపలికి దిగడం, వసంతంలో పైకి రావడం దాని అలవాటు. గడియారంలో గంటల ముల్లుకన్న కొంచెమే వేగంగా కాళ్ళు కదిలించే ఆ ప్రాణి వర్ణన చాలా సంకలనాల్లోకి ఎక్కింది. ముద్దుగొలిపే పెంపుడు జంతువు కథగానే దాన్ని చదువుతారు. అలా చదివితే అసలు సంగతి జారిపోతుంది. శీతనిద్ర అన్నది వైట్‌కు పుస్తకాల్లోని సిద్ధాంతం కాదు. ఆ చలికాలమంతా అది అతని పూలమడిలోనే నడుస్తోంది. తోట కళ్ళముందు పెట్టిన ఉదాహరణ ఆకాశంలోని పిట్టకు కూడా వర్తిస్తుందేమోనని అతను ఊహించి ఉండడం సహజం.

పుస్తకానికి లోపాలు లేకపోలేదు. సెప్టెంబరు చివర సెల్బర్న్ మీదుగా పోయే రింగ్ ఔజెల్ పిట్టల వలసను కనిపెట్టడం వైట్ గొప్పతనమే. కాని నాటి పరిశీలనలో తుపాకీ భాగమని, చూసిన పిట్టను కొట్టి, కోసి, వండుకొని రుచి బాగుందని రాయడం కూడా ఉందని, అతన్ని నేటి పక్షిప్రేమికుల కులగురువుగా నిలబెట్టేవారు గుర్తుచేయరు. సాలెపోగుల వాన లేఖలో మరో ఇబ్బంది ఉంది. 1741 సెప్టెంబరు 21న తెల్లవారకముందే వేటకు బయలుదేరిన ఇరవయ్యొక్కేళ్ళ వైట్‌కు పొలాలు సాలెగూళ్ళతో దుప్పటి కప్పినట్టు కనబడ్డాయి. కుక్కల కళ్ళకు పోగులు అడ్డంపడ్డాయి. తొమ్మిది గంటలకు మొదలై పొద్దుగుంకేదాకా ఆకాశం నుంచి పోగులు రాలుతూనే ఉన్నాయి. అద్భుతమైన లేఖ. కాని రాసింది ముప్ఫై ఏళ్ళకు పైగా గడిచాక. దినచర్యలో ఉండే తడబాటు ఇందులో లేదు. చెప్పి చెప్పి నునుపుదేరిన కథ ఇది. మార్టిన్ల పుటలు ఇంత అందంగా లేవు, అందుకే అవి ఎక్కువ నమ్మిస్తాయి.

అదే హాంప్‌షైర్‌లో, వించెస్టర్‌లో, 1819 సెప్టెంబరులో కీట్స్ ‘టు ఆటమ్’ రాశాడు. అందులో చివరి పద్యం తోటలోని రాబిన్ పాటతో, గుంపుకడుతున్న వానకోవెలల కిలకిలతో ముగుస్తుంది. పిట్టలు ఇంకా వెళ్ళలేదు, కాని పద్యం ఆగిపోతుంది. మర్నాడు ఆ పిట్టలు ఉన్నాయో లేదో కవి చూడనక్కరలేదు. వైట్‌కు ఆ వెసులుబాటు లేదు. మర్నాటి గడి ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది. ఇక్కడ కీట్స్‌ను తక్కువ చేయవలసిన పని లేదు. ముగింపు పద్యానికి బలం, దినచర్యకు అబద్ధం.

తెలుగు పాఠకుడికి ఈ పుటలు మరోవిధంగా తిరగబడి కనిపిస్తాయి. మన కావ్యాల శరత్తు రాకల కాలం. మబ్బులు తొలగగానే హంసలు మానస సరసు నుంచి తిరిగివస్తాయి, కాటుకపిట్టలు కనబడతాయి. ఇందులో కవిసమయం ఎంత ఉన్నా, కాటుకపిట్ట విషయంలో చూపు కూడా ఉంది. ఆ జాతి పిట్టల్లో చాలామటుకు నిజంగానే ఉత్తరాది నుంచి ఆ రోజుల్లోనే తెలుగునేలకు దిగుతాయి. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖంజనం కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. ఎక్కడ కనబడితే శుభం, ఎక్కడ కనబడితే అశుభం అన్న ఆ లెక్క అంతా తొలిదర్శనం మీదే నిలబడింది. హాంప్‌షైర్‌లో శరత్తుకు ఎదురైన చిక్కు తెలుగునేలలో ఎదురుకావలసింది వసంతానికి. ప్రబంధాల వసంతవర్ణనల్లో కోయిల కూత వినబడుతుంది. అదే రోజుల్లో కాటుకపిట్ట చెరువుగట్టు విడిచి వెళ్ళిపోవడం మాత్రం సాధారణంగా కనబడదు.