వెబ్‌స్టరు ప్రసంగంలో కానరాని మనిషి

1850 మార్చి 7వ తేదీన అమెరికా సెనేటులో డేనియల్ వెబ్‌స్టరు మూడు గంటలకు పైగా ప్రసంగించినాడు. మెక్సికో యుద్ధం వలన కొత్తగా చేజిక్కిన భూములలో బానిసత్వం ఉండవచ్చునా, కూడదా అన్న వివాదం సమాఖ్యనే చీల్చునంతగా ముదిరిన సమయమది. హెన్రీ క్లే జనవరిలోనే రాజీ తీర్మానాలు ప్రతిపాదించి ఉన్నాడు. దక్షిణాది పక్షాన కాల్‌హూన్, మరణం సమీపించినవాడై, మూడు దినాల ముందు తన ఉపన్యాసాన్ని మరొక సభ్యునిచేత చదివించినాడు. ఉత్తరాదివాడైన వెబ్‌స్టరు రాజీని బలపరచినాడు.

తాను మసాచుసెట్స్ వానిగా గాక, ఉత్తరాది వానిగా గాక, అమెరికనుగా మాట్లాడుచున్నానని ఆరంభించినాడు. రాష్ట్రాలు పోరు లేకుండా విడిపోవుననుకొనుట, గ్రహాలు కక్ష్యలు తప్పినా విశ్వానికి చేటు కలుగదనుకొనుట వంటిదని హెచ్చరించినాడు. 1861లో ఆ హెచ్చరిక నిజమైనది. కొత్త భూములలో బానిసత్వాన్ని ప్రకృతియే నిషేధించినది గనుక వేరే చట్టమెందుకన్న వాదం మాత్రం నాకు న్యాయవాది నేర్పుగానే తోచును.

అనువాదకునిగా నేను ఆగిపోయిన చోటు మరొకటి. బానిసత్వమన్న మాట ప్రసంగంలో ఎన్నో మారులు వచ్చును. గ్రీకుల, రోమనుల ప్రసక్తి కూడ ఉన్నది. కాని పారిపోయినవారిని తిరిగి అప్పగించవలెనను ఘట్టానికి రాగానే వారు ‘సేవకు బద్ధులైన వ్యక్తులు’ అయిపోవుదురు. ఈ మాటల పోకడ వెబ్‌స్టరు కల్పన కాదు. ‘బానిస’ అన్న పదాన్ని తప్పించి వ్రాసిన 1787 నాటి రాజ్యాంగానిది. హిందీలో ‘దాస్’ అన్నచో తులసీదాసు, సూరదాసు స్ఫురింతురు. ‘గులామ్’ అన్నచో సంకెల చప్పుడు వినవచ్చును. ‘సేవ’ అన్న మాట మన భాషలలో మరీ పవిత్రమైనది. దాని చాటున ఎంతటి క్రౌర్యమైనను ఇమిడిపోగలదు.

ఈ వక్తయే 1820లో ప్లిమత్‌లో బానిసల వర్తకాన్ని ఖండించుచు, సంకెళ్లు సాగగొట్టు సుత్తి చప్పుడు తనకు వినవచ్చుచున్నదని, కొలిమి పొగ కనబడుచున్నదని చెప్పినాడు. ముప్పది ఏండ్లకు ఆ చెవి మందగించినదని అనలేను. సమాఖ్య చీలునన్న భయం నిజమైనదే. కాని ఆ రాజీకి మూల్యం చెల్లించినవాడు సభలో లేడు. ఆ సెప్టెంబరులో వచ్చిన చట్టం ప్రకారం, పట్టుబడినవాడు తన పక్షాన తాను సాక్ష్యమీయరాదు. జ్యూరీ విచారణ లేదు. అతనిని అప్పగించిన కమిషనరుకు 10 డాలర్లు, విడిచిపెట్టినచో 5 డాలర్లు ముట్టును.

ఎమర్సన్ మండిపడినాడు. విట్టియర్ ‘ఇకబాడ్’ అను కవితలో వెబ్‌స్టరును బ్రతికియుండగనే మృతునిగా ఎంచి విలపించినాడు. రాజీ వలన లభించిన పదేండ్ల వ్యవధిలో ఉత్తరాది బలపడినదని తరువాతి చరిత్రకారులు కొందరు సమర్థింతురు. కావచ్చును, ఆ పదేండ్లు అజ్ఞాతంగా బ్రతికినవారి లెక్క అందులో చేరదు. 1838లో దాస్యం నుండి తప్పించుకొన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జులై 5న రాచెస్టరులో ప్రసంగించుచు ఆ చట్టాన్ని పేరు పెట్టి దుయ్యబట్టినాడు. ఆ ప్రసంగంలో అమ్ముడుపోవుచున్న తల్లులు, సంకెళ్లు, నడివీథిలో కొరడా ఉన్నవి.

వెబ్‌స్టరు వాక్యాన్ని తెనిగించునపుడు ‘బానిసలు’ అని దిద్దవలెనని మొదట అనిపించినది. చివరకు ‘సేవకు బద్ధులైన వ్యక్తులు’ అనియే ఉంచినాను.